బాతుల తుపాకి

దేవరకొండ బస్టాండు పక్క సందులో మా ఆయన వీడియో గేముల దుకాణం పెట్టినప్పుడు, నేను అందులో కూర్చోవడం మా అత్తకు అస్సలు నచ్చలేదు. కానీ ఏం చేస్తుంది? కొడుకు మధ్యాహ్నం ఇంటికొచ్చి వేడన్నం తినాలి, తిన్నాక కాస్త కునుకు తీయాలి. అది లేకపోతే ఆ మనిషికి సాయంత్రం దాకా మూతి ముడుచుకునే ఉంటుంది. అందుకని ఆ వేళ దుకాణం నా మీద పడింది. తొంభైల నడిమి సంగతి, మాకు పెళ్లయిన కొత్త.

దుకాణమంటే రెండు పాత కలర్ టీవీలు, రెండు గేము డబ్బాలు, ఒక బల్ల. ఒక టీవీకి తీగతో ప్లాస్టిక్ తుపాకి ఉండేది. తెర మీద గడ్డిలోంచి బాతులు లేచి ఎగిరేవి. గురిపెట్టి మీట నొక్కితే పడిపోయేవి. మధ్యాహ్నం పూట పిల్లలంతా బళ్లో, కాలేజీలో. తోలుకుందామన్నా ఈగలు లేవు. ఎంతసేపని గోడ చూస్తాను? తుపాకి అందుకున్నాను.

మా అమ్మగారిది అచ్చంపేట దిక్కు పల్లె. జొన్న పాలు పట్టే రోజుల్లో మంచె ఎక్కి, వడిసెలలో రాయి పెట్టి తిప్పి విసిరి పిట్టల్ని తోలడం పెళ్లయ్యేదాకా నా పని. పిట్ట వెంట పడితే ఎప్పుడూ వెనకే ఉంటాం, అది పోయే చోటు ముందే చూసుకోవాలి. ఈ బాతులూ అంతే. అవి ఎటు మళ్లుతాయో కొన్నాళ్లు చూస్తే తెలిసిపోతుంది. అక్కడ తుపాకి పెట్టుకుని కూర్చుంటే అవే వస్తాయి. నేను చేసిందల్లా ఇదే. ఇంతకు మించి ఏమీ లేదని ఇప్పుడు కూడా చెబుతున్నాను.

ఒక ఆదివారం డిగ్రీ చదివే పిల్లవాడు ఒకడు మూడు బాతులు కొట్టి ఇంకా రాని మీసం తిప్పుకుంటుంటే, "జర ఇటియ్యి తమ్మీ" అని తుపాకి తీసుకున్నాను. ఒక్కటీ తప్పలేదు. ఆట ముదిరి బాతులు రయ్యిన పోతున్నా తప్పలేదు. ఆ రోజు అందరూ చప్పట్లు కొట్టారు. నాకూ గొప్పగానే అనిపించింది.

రెండో ఆదివారం చప్పట్లు లేవు, గుసగుసలు.

అదే పిల్లవాడు ఒక సంగతి కనిపెట్టాడు. తుపాకిని తెర మీదికి కాకుండా పైనున్న బల్బు మీదికి పెట్టి నొక్కినా బాతు పడుతోంది. అది నిజమే, నేనూ చూశాను. "వదిన బల్బుకు కొడుతాంది రా" అన్నాడు. అందరి ముందూ కూర్చుని టీవీకి కొడుతున్నదాన్ని నెత్తి మీద బల్బుకెలా కొడతాను? అయినా బల్బు తీసేయించి ఆడాను. తప్పలేదు. అంటే బల్బు కాదన్నమాట, ఇంకేదో ఉందన్నమాట. "దుకాణం ఆళ్లదే, డబ్బా ఆళ్లదే. లోపట ఏం బెట్టిండ్రో!" అన్నారు.

మా ఆయన టీవీలు రిపేరు చేసే చాచాను పిలిపించాడు. చాచా అందరి ముందు తుపాకి విప్పి చూపించాడు. "గీంట్ల ఒక కన్నుంది బేటా, ఒక తీగుంది. ఇంకేం లేదు" అన్నాడు. పాపం, చాచా బయటికి పోయేలోపే ఆయన కూడా మాతో కలిసిపోయాడని తేల్చేశారు. నా తరఫున ఎవరు మాట్లాడితే వాళ్లు దొంగలే. ఇంక నేనేం చెప్పను!

మెల్లగా పిల్లలు రావడం తగ్గింది. దుకాణం వాళ్లే గెలిచే ఆటకు పైసలెందుకు పెట్టాలని వాళ్ల లెక్క. ఊరేమనుకున్నా నాకు ఫికర్ లేదు. ఇంట్లో మనిషి నమ్మితే చాలనుకున్నాను.

ఒకరోజు ఆయన అన్నం తింటూ, వాళ్లమ్మ అవతలికి పోయేదాకా ఆగి, మెల్లగా అడిగాడు.

"గిప్పుడన్న చెప్పు. ఏం జేస్తున్నవ్?"

"ఏం జేస్తున్న? కొడుతున్న."

"నాగ్గూడ చెప్పవా?"

నాకు ఒళ్లు మండింది. కూర గిన్నె ఆయన ముందు ఠక్కున పెట్టి లేచిపోయాను. మర్నాడు కునుకు మానిపించి దుకాణానికి తీసుకుపోయాను. నా పక్కన కూర్చోబెట్టుకుని, బాతు ఎక్కడికి రాబోతుందో ముందే చెప్పి మరీ కొట్టాను. ఆయన తెర చూడలేదు. మొదటి నుంచి చివరిదాకా నా చేతులే చూశాడు.

"ఐతారం అందరి ముంగట ఆడు" అన్నాడు చివరికి. "గా కిటుకు లేకుంట ఆడు. గట్లనన్న దుకాణం నిలవడ్తది."

ఆదివారం పిల్లలు గుమ్మం దాకా నిండిపోయారు. ఒక్కటి కూడా వదలకూడదన్న పంతంతోనే కూర్చున్నాను. కొడుతూ కొడుతూ ఓరగా చూస్తే, మా ఆయన తలుపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఒక్కో బాతు పడుతుంటే ఆయన భుజాలు కుంగుతున్నాయి. అప్పు దొరకని చోట అప్పు తెచ్చి పెట్టిన దుకాణం. జాలేసింది. కోపమూ వచ్చింది. తుపాకి జానెడు పక్కకు జరిపి నొక్కాను. బాతు ఎగిరిపోయింది. ఇంకోటి వదిలాను. మరోటి కూడా.

దుకాణం అదిరిపోయేలా అరిచారు. "గిప్పుడు సక్కగ ఆడింది వదిన" అన్నాడు ఆ డిగ్రీ పిల్లవాడు. ఆ పూటే తుపాకి కోసం వరస కట్టారు.

సాయంత్రం షట్టరు దించుతూ మా ఆయన ఈల వేశాడు. పెళ్లయ్యాక ఆయన ఈల వినడం అదే మొదలు.

"చూసినవా! గా పని చెయ్యకుంటె నీగ్గూడ తప్పుతయ్" అన్నాడు.

"నేనే కావాల్నని తప్పిచ్చిన" అన్నాను.

"గట్లనే అంటవ్ తీ" అని నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అదే నాకు ఎక్కువ బాధ. నన్ను నొప్పించకూడదని చూస్తున్నాడు.

ఆ తర్వాత ఆ తుపాకి నేను ముట్టుకోలేదు. కొన్నాళ్లకు ఆ దుకాణం ఎస్టీడీ బూత్ అయింది, ఆపైన జిరాక్సు షాపయింది. ఆయన మంచి మనిషే, నన్ను ఏ లోటూ లేకుండా చూసుకున్నాడు. కానీ ఇప్పటికీ ఇంటికి చుట్టాలొచ్చి పాత ముచ్చట్లు మొదలైతే బాతుల సంగతి తీస్తాడు. చాయ్ గ్లాసు కింద పెట్టి, నా వైపు చూసి నిజంగానే అలుగుతాడు.

"ఇన్నేండ్ల కాపురంల మా ఆమె నాకు చెప్పకుంట దాసింది గదొక్కటే."