సీసాలో దూది

కొత్త మందు సీసా తెరిస్తే పైనున్న దూదిని నేను వెంటనే పారేయలేను.

సునామీ వచ్చిన కొన్నేళ్లకి, అండమాన్‌లో మాయాబందర్ నుంచి పోర్ట్‌బ్లెయిర్ బస్సులో నా పక్కన ఒకావిడ కూర్చుంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన చేపలవేట కుటుంబం. గతుకుల్లో ఆవిడ ఒళ్లోని సంచి గలగలమంటోంది.

"ఏంటి దీదీ అవి?"

"మా గుంటడి మాత్రలు భయ్యా, హెచ్ఐవీవి. పెద్దాసుపత్రిలో పరీక్షా ఫ్రీయే, మందులూ ఫ్రీయే. నెలనెలా ఈ బస్సులోనే తెచ్చుకునేవోడు. సప్పుడైతే జనం అడుగుతారని సీసాల్లో దూది కూరేవోడు."

తండ్రిని సునామీ తీసుకుపోయాక ఆ కుర్రాడు బోటెక్కాడట. బోటులో అందరూ ఒకేచోట తిని, ఒకేచోట పడుకోవాలి, ఏదీ దాగదు. అందుకే వేటకెళ్లిన రోజుల్లో మాత్రలు ఇంట్లోనే వదిలేసేవాడు. ఆ సంగతి తల్లికి వాడు పోయాకే, పెట్టెలో నిండు సీసాలు దొరికినప్పుడు తెలిసింది.

"తిరిగిచ్చేద్దామని ఎల్తన్నాను. ఇప్పుడెంత సప్పుడైతే ఏటి?" అంది, బస్సంతా వినేలా.

దిగేముందు కొంగు ముడి విప్పి చూసుకుంది. లోపల ఆ దూది ఉంది.

"ఇది మాత్రం ఇయ్యను భయ్యా. వాడి సేత్తో పెట్టింది."