కోర్టులో నా నోటివెంట వచ్చిన మాట

దయ్యాలంటే నాకు నవ్వు. మా కడప జిల్లాలో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం ఉందేమో చూడండ్రా అని పోట్లాడే రకం నేను. ఇప్పటికీ నమ్మను. మరి ఆ రోజు ఖతార్‌లో, దోహా కోర్టులో జరిగింది మాత్రం జరిగినట్టే చెబుతాను.

నేను కోర్టులో ట్రాన్స్‌లేటర్‌ని. తెలుగు, అరబీ. మా పనికో పద్ధతుంది. ముద్దాయి ‘నేను కొట్టాను’ అంటే మేమూ ‘నేను కొట్టాను’ అనాలి. ‘కొట్టానంటున్నాడు’ అనకూడదు. కొన్ని దేశాల్లో జ్యూరీ అని మామూలు జనాన్ని కూర్చోబెట్టి హత్య కేసులు వినిపిస్తారట. తర్వాత వాళ్ల మనసు చెదరకుండా డాక్టర్లు కూర్చోబెట్టి మాట్లాడతారట. ఇక్కడ జ్యూరీ లేదు. శవం ఫొటోలు చూస్తూ ఆ మాటలన్నీ సొంత నోటితో పలికే మమ్మల్ని పలకరించే దిక్కూ లేదు.

ముద్దాయి పేరు నర్సయ్య అనుకుందాం. ఊరు జగిత్యాల దగ్గర పల్లె, ఇక్కడ ఉండేది అల్ రయ్యాన్ వైపు లేబర్ క్యాంప్‌లో. డ్యూటీకి వెళ్లేముందు స్నానం వంతు దగ్గర రూమ్మేట్ గంగన్నతో గొడవపడి, బాత్‌రూంలోనే తోసేశాడు. గంగన్న తల సిమెంటు గట్టుకు తగిలింది. పడగానే ప్రాణం పోయిందని, భయపడి పారిపోయానని నర్సయ్య మొదటినుంచీ ఒకటే మాట. అది నిజమైతే కొన్నేళ్ల జైలుతో బయటపడతాడు. బతికున్నవాణ్ణి కావాలనే వదిలేశాడంటే జీవితం అయిపోయినట్టే. నాకతను బయటపడాలనే ఉండేది. వాయిదాకొచ్చిన ప్రతిసారీ, తిన్నవా సారూ అని నన్నడిగిన మనిషి అతనొక్కడే.

ఆ ఉదయం నర్సయ్య మళ్లీ అదే చెప్పాడు. తోశాను, పడ్డాడు, చచ్చిపోయాడు, పారిపోయాను. నేను అరబీలో చెప్పాను. చెప్పాననే అనుకున్నాను. పెద్ద జడ్జీ చెయ్యెత్తి ఆపి, టైపు చేసింది చదవమని క్లర్కుకు చెప్పాడు.

‘నేను పడి ఉన్నాను. నీళ్లు అడిగాను. నా మూలుగు బయటికి వినపడకుండా కొళాయి తిప్పి, తలుపేసి వెళ్లిపోయాడు.’

ఇవి ముద్దాయి మాటలు కావు, రికార్డులోంచి కొట్టేయండని బతిమాలాను. కొట్టేశారు. కానీ అన్నావు గనక ఇదే ముద్దాయిని అడుగు అన్నాడు జడ్జీ. తెలుగులో అడిగాను. నర్సయ్య జడ్జీ వైపు చూడలేదు, నన్నే చూశాడు.

“నల్ల ఇప్పిన సంగతి నీకెవలు చెప్పిండ్రు సారూ?”

నల్ల అంటే వాళ్ల వైపు కొళాయి. అదీ చెప్పాల్సిందే. ఆ హాల్లో తెలుగు వచ్చినవాళ్లం మేమిద్దరమే. ‘నాకేం తెలియదు’ అని చెప్పేస్తే ఎవడు పట్టుకుంటాడు? ఆ ఆశ నాకు కలిగింది, దాచను. కానీ ప్రమాణం చేసి నిలబడ్డాను. ఉన్నదున్నట్టు చెప్పాను. అప్పుడు నర్సయ్య అంతా ఒప్పుకున్నాడు. మూలుగు ఆగాక తనే తిరిగొచ్చి కొళాయి కట్టేశాడట.

తర్వాత చాలా రోజులు నాకు ముద్ద దిగలేదు. నా భార్య పోరు పెడితే ఒక మలయాళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఇన్ని ఫొటోలు చూసిన మనసు తనంతట తనే కథ అల్లుకుంటుందని చెప్పింది. మంచి మనిషి, ఓపిగ్గా విన్నది. నేనూ సరేనన్నాను. కానీ ఏ ఫొటోలోనూ తిప్పిన కొళాయి లేదు. ఏ సాక్షీ దాని ఊసెత్తలేదు.

యావజ్జీవం పడింది. తీర్పు తెలుగులో వినిపించిందీ నేనే. జడ్జీలు లేచి వెళ్లాక, పోలీసులు చెయ్యి పట్టుకుని తీసుకుపోతుంటే నర్సయ్య నా దగ్గర ఆగాడు. కోపం లేదు ఆ ముఖంలో.

“వాడు ఇంకేమన్న అన్నడా సారూ?”

లేదయ్యా, ఇంకేమీ అనలేదు అన్నాను. అది నిజమో అబద్ధమో ఈరోజుకీ నాకు తెలియదు. మొదట అన్న మాటలైనా నా నోటివెంట వచ్చాయే గానీ నేను విన్నవి కావు గదా.