హెస్టర్ తవ్వితీసిన లిడ్కోట్ వంశం

ఇంగ్లీషు పల్లెసీమ ష్రాప్‌షైర్‌లో ఒక లోయ ఊళ్లన్నిటికీ హెస్టర్ పార్జిటర్ స్కూలు బస్సు డ్రైవరుగానే తెలుసు. రిటైరయ్యాక ఆవిడకో పిచ్చి పట్టుకుంది. చర్చిలో ఒక రాతి సమాధి, దాని మీద చేతులు జోడించి పడుకున్న దొరగారి శిల్పం, కాళ్ల దగ్గర ముక్కు విరిగిన కుక్క. ఆయనది లిడ్కోట్ వంశం అంటారు. ఇల్లెక్కడంటే కొండమీది భవంతి చూపిస్తారు. భవంతి కట్టి మూడొందల ఏళ్లు, దొర పోయి ఆరొందల ఏళ్లు. ఆ లెక్క హెస్టర్‌కు మింగుడుపడలేదు. దొరగారి అసలిల్లు ఎక్కడో కనిపెట్టాలనుకుంది.

అరవై దాటాక లాటిన్ నేర్చుకుంది. చీమలబారుల్లాంటి పాత వీలునామాలను భూతద్దం పెట్టి చదివింది. పదకొండేళ్లకు లిడ్కోట్ ఇంటి విధవరాలి వీలునామాలో ‘ఊట పక్క ఇల్లు’ అనే మాట దొరికింది. ఆ ఊట టామ్ బెడోస్ పొలంలో ఉంది. పక్కనే అతని గడ్డికొట్టం. నిచ్చెనెక్కి చూస్తే కప్పు దూలాలు మసిబారి నల్లగా ఉన్నాయి. పొగగొట్టాల్లేని కాలంలో నట్టింట నెగడు వేసుకుని బతికిన మనుషుల పొగ అది.

“టామ్, నీ గడ్డిమోపులున్నది దొరగారి భోజనాల సావిట్లోనోయ్!”

“ఆ దొరకు చెప్పకే తల్లీ, సమాధిలోంచి లేచొచ్చి ఖాళీ చెయ్యమంటాడు!”

ఊరి చరిత్ర సంఘానికి అధ్యక్షుడు డడ్లీ వెనబుల్స్. ఇరవై ఏళ్ల స్నేహితుడు, ఆవిడ భర్త పోయినప్పుడు శవపేటికకు భుజం పట్టినవాడు. టామ్ తర్వాత ఆవిడ చెప్పింది అతనికే.

“నీ నోటుపుస్తకాలు ఇటివ్వు హెస్టర్. ఆ చెమ్మ కొంపలో బూజు పట్టిపోతాయి. శుభ్రంగా టైపు చేసి పెడతా” అన్నాడు.

ఐదు పుస్తకాలూ ఇచ్చేసింది.

ఏడాదిన్నరకు ఊరి హాల్లో పుస్తకం విడుదలైంది. అట్ట మీద డడ్లీ పేరొక్కటే. కృతజ్ఞతల చివర, ‘సమావేశాలకు కేకులు చేసి తెచ్చిన శ్రీమతి పార్జిటర్‌కు’ అని ఉంది. అది చదివి హెస్టర్ టీ కప్పు పక్కన పెట్టేసింది. శవపేటిక మోసిన ఆ భుజమే గుర్తొచ్చింది.

పేజీలు తిప్పింది. వంశంలో ఆఖరి ఆడపిల్ల పేరు ‘ఆలిస్’ అని అచ్చయింది. హెస్టర్ లేచి నిలబడింది.

“డడ్లీ, ఈ ఆలిస్ ఎవరు?”

“ఆఖరి కూతురు. నీకు తెలియనిదేముంది?”

“ఆలిస్ లేదు, గీలిస్ లేదు. ఆ పిల్ల అమీస్. పాత దస్తావేజులో నేనే తప్పు చదివి ఆలిస్ అని రాసుకున్నాను. పుస్తకాలు నీకిచ్చాక, మొన్న జనవరిలో తెలిసింది. దస్తావేజు నువ్వు చూసుంటే నా తప్పు నీకెలా అంటుకుంది?”

డడ్లీ చెవులు ఎర్రబడ్డాయి. “అచ్చుతప్పు, అంతే” అని గొణిగాడు. వెనకనుంచి టామ్, “అచ్చుతప్పు కాదు, దొంగతనం అంటారు దాన్ని!” అన్నాడు. అయినా చాలామంది మొహమాటానికి చప్పట్లు కొట్టి, పుస్తకం కొనుక్కునే వెళ్లారు. ఆ చప్పట్లు హెస్టర్‌ను ఇంకా ఎక్కువ కోశాయి.

వారం తర్వాత డడ్లీ నోటుపుస్తకాలతో గుమ్మంలోకొచ్చాడు.

“రెండో ముద్రణలో నీ పేరు కూడా వేయిస్తా. స్నేహం పాడుచేసుకోవద్దు.”

“పేరు వెయ్యి, వెయ్యకపో. నిన్ను నమ్మిన ఇరవై ఏళ్లు తెచ్చివ్వగలవా?”

పుస్తకాలు తీసుకుని తలుపేసింది. రెండో ముద్రణ రానేలేదు. హెస్టర్ మళ్లీ సంఘం గడప తొక్కలేదు. అమీస్ ఏ ఊరి కోడలైందో తెలుసుకోవాలని, ఒంటరిగానే మళ్లీ వీలునామాల ముందు కూర్చుంది.