కళ్లంలోకి వచ్చిన దొర

గుంతకల్లు రైల్వే మైదానంలో గడ్డి సంగతి ఎవరైనా అడిగితే పాపన్న పకపకా నవ్వేవాడు. కంబదూరు దగ్గర ఆయన మెట్టచేను మూడేళ్లు వరసగా ఎండిపోతే, పార భుజాన వేసుకుని వచ్చి ఆ మైదానం పనిలో చేరాడు. పదేళ్లుగా రాళ్లు ఏరుతూనే ఉన్నాడు. ఏరేకొద్దీ కొత్తవి తేలేవి, అదేం భూమో మరి!

అలాంటి చోటికి 1983లో మన దేశపు ఫుట్‌బాల్ జట్టు వస్తుందన్నారు! మద్రాసు నుంచి బొంబాయి పోతూ ఒకరోజు దిగి, రైల్వే జట్టుతో ఆడుతుందట. వెంట విదేశీ కోచ్. ఆయన పేరు నోరు తిరక్క పాపన్న "దొర" అనేవాడు. అయితే దొర ముందు నేల చూస్తాడు, నచ్చకపోతే ఆట లేదు. ఆ మాట విన్నప్పటి నుంచి పాపన్నకు కూడు సయించలేదు.

"ఈ మట్టిలో యాడ ఆడతారప్పా? చూసి ఎనక్కి పోతారు," అన్నాడు ఆటల కార్యదర్శి ఆంజనేయులు.

"ఎందుకు పోతారు సార్? కళ్లం చేస్తా సూడండి!"

అన్నంత పనీ చేశాడు. బావులన్నీ ఎండినా, రైలింజన్లకు నీళ్లు పట్టే గొట్టం కింద కారేదంతా కడవల్లో పట్టాడు. నేల తడిపి రాతిగుండు తిప్పాడు. "నీకేమన్నా పిచ్చా?" అని తిడుతూనే భార్య బయమ్మ ఊరంతా తిరిగి పేడ తెచ్చింది. గ్యాంగుమన్లు నలుగురు చేయి కలిపారు. కొర్రలు నూర్చే కళ్లంలాగే మైదానమంతా అలికేశారు.

ఆ రోజు గోడల మీద జనం, గూడ్సు పెట్టెల మీద జనం! దొర చకచకా వచ్చి గీత దాటబోయాడు. కాళ్లకు మేకుల బూట్లు.

పాపన్న ప్రాణం చివుక్కుమంది. కళ్లంలోకి చెప్పులతో ఎవరైనా అడుగుపెడతారా? ఆయనెవరో, తానెవరో ఆ క్షణాన గుర్తు లేదు. చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"ఓ దొరా! బూట్లు ఇడ్సి రా! ఇది కళ్లం!"

గోడల మీది జనం మెడలు చాచారు.

"కొంప ముంచినావు కదప్పా!" ఆంజనేయులు తల పట్టుకున్నాడు. ఈయన ఏమంటున్నాడని దొర అడిగాడు. ఆంజనేయులు ఉన్నదున్నట్టు చెప్పాడు. గింజలు నూర్చే నేలను ఇక్కడివాళ్లు చెప్పులతో తొక్కరన్నాడు.

దొర ఒక్క క్షణం పాపన్న ముఖంలోకి చూశాడు. తర్వాత అక్కడే చతికిలబడి బూట్లు విప్పాడు, మేజోళ్లు కూడా! వట్టికాళ్లతో నడిమధ్యకు పోయి మడమతో తొక్కి చూశాడు. బంతి జారవిడిచి చూశాడు.

"ఇక్కడే ఆడతాం!" అన్నాడు.

అంతేనా, రెండు జట్ల చేతా బూట్లు విప్పించాడు! ఈలలు, కేకలు! రైల్వే జట్టు ఆరు గోల్సు తిన్నది, అయినా పాపన్న గంతులు ఆగలేదు.

రెండేళ్లకు ఆ జట్టు వరసగా ఓడితే దొరను పంపేశారని పేపర్లో పడింది. టీకొట్టు దగ్గర కూరగాయల రామప్ప నవ్వాడు.

"మీ దొర ఏం సాధించినాడప్పా?"

పాపన్నకు ఒళ్లు మండింది. గ్లాసు ఠపీమని పెట్టాడు.

"నువ్వు అడ్డదోవని దినామూ నా కళ్లంలో చెప్పులేసుకునే పోతాండావు. ఆయప్ప ఒక్క మాటకే ఇడ్సినాడు. ఆయప్పను ఇంకో మాటంటే ఊరుకోను!"

మర్నాడు రామప్ప గీత దగ్గరికి వచ్చి, అటూ ఇటూ చూసి, చెప్పులు చేతిలోకి తీసుకున్నాడు.