ఎల్లేశం విరగని నంబరు

మందమర్రిల మా బొగ్గుబాయికాడ బత్తుల గదిల ఎల్లేశం, నేను కలిసి పనిచేసినం. బాయిలకు దిగేటోళ్లకు నెత్తిబత్తులిచ్చుడు మా పని; ఒక్కో మనిషికి ఒక నంబరు బత్తి, అది తగిలియ్య అదే నంబరు కొక్కెం. ఆయన గొప్పలింటే నాకు ఒళ్లు మండేది.

1986ల ఒక బొగ్గు వ్యాగన్ మీద 379447 అని చూసిండు. ఈ నంబరును ఏ నంబరూ శేషం లేకుండ విరవలేదని పందెం కాసిండు. రోజూ కొక్కేల వరుసల తన చేతికొచ్చిన ఒక బత్తి నంబరుతోని దాన్ని భాగించేటోడు. 616ను 616తోని గుణిస్తే ఆ నంబరు దాటుతది, గందుకే ఆడిదాంక చేస్తే సాలని ఆయనకు ఎరుకే. రెండేండ్లు చేసిండు. ప్రతిసారి శేషం మిగిలింది. ఇగ మీసం దువ్వుకుంట తిరిగిండు.

నేను 616 కాన్నుంచి కిందికి చేసుకుంటొచ్చిన. నాలుగో లెక్కకే విరిగింది. తెల్లారి షిఫ్టుల నలభై మంది ముంగట చెప్పిన: "613ను 619తోని గుణించి సూడు."

ఎల్లేశం గోడ మీద సుద్దతోని గుణించిండు. సరిగ్గా 379447 వచ్చింది. అందరు నవ్విన్రు.

మా బాయిల సచ్చినోని బత్తి ఇంకొకనికియ్యరు, కొక్కెం ఖాళీగనే ఉంటది. 613 కొక్కెం, కప్పు కూలి సచ్చిన ఎల్లేశం తమ్ముడు బుచ్చిరాములుది. అక్కడ బత్తి లేదని ఎల్లేశం 612 నుంచి 614కు పోయిండు. అది నాకు ఎరుకే, ఎరుకుండే చెప్పిన.

బుచ్చిరాములు పెండ్లాం దుర్గవ్వ ఆ గదిలనే ఊడుస్తుండె. చీపురు కింద పెట్టింది.

"బావా, అందరి నంబర్లు యాదికున్నయి. మీ తమ్మునిదొక్కటే యాదికి రాలేదా?"