చూడొద్దన్న తాళం

జనం సమాచారాన్ని దాచిపెట్టే క్లౌడ్ సర్వీసులకు భద్రత సర్టిఫికెట్లు ఇవ్వడం మా కంపెనీ పని. ఒకప్పుడు ఏడాదికోసారి మనుషులు వెళ్లి తాళాలు సరిగా ఉన్నాయో లేదో చూసేవారు. ఇప్పుడు మేం రాసిన ప్రోగ్రామే గంటగంటకూ చూసి, తనే సర్టిఫికెట్ పొడిగిస్తుంది. అన్నీ బాగుంటే పచ్చ, ఒక్కటి తప్పినా ఎరుపు. ఆళ్లగడ్డలో మిద్దె మీద కూర్చుని ఆ రంగులు చూడటం నా ఉద్యోగం.

నంద్యాలలో మా అక్కకు రక్తపరీక్షల ల్యాబ్ ఉంది. రిపోర్టులన్నీ మేం సర్టిఫికెట్ ఇచ్చే ఒక సర్వీసులోనే ఉంటాయి. మొగుడొచ్చి అడిగినా పెళ్లాం రిపోర్టు ఇవ్వదు మా అక్క. అందుకే ఉయ్యాలవాడ నుంచి కూడా ఆడవాళ్లు బస్సెక్కి ఆమె దగ్గరికే వస్తారు.

ఒక మధ్యాహ్నం ఆ సర్వీసు ఎర్రబడింది. రిపోర్టులున్న చోటికి సర్వీసు వాళ్లే తాళం తీసేశారు. లింకు దొరికితే చాలు, ఎవరైనా చదవొచ్చు. మరమ్మతు అయ్యేదాకా ఒక తాళాన్ని చూడొద్దని ప్రోగ్రామ్‌కు చెప్పే వీలు మాకుంది, దాన్ని మినహాయింపు అంటాం. మా మేనేజరు మినహాయింపు పెట్టాడు. వెంటనే పచ్చ వచ్చింది. గడువు తీరితే ఆ మినహాయింపునూ ప్రోగ్రామే పొడిగిస్తుంది. ఇంత తెలివి ఎవరికి పుట్టిందో గానీ, నాకు ఒళ్లు మండి ఆయనకు ఫోన్ చేసి అరిచాను.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకప్పా? వాళ్లు రిపేరు చేస్తాండారు లే," అన్నాడు.

చేయడం లేదు. రోజూ నేనే చూస్తున్నాను. చివరికి అక్కకు ఫోన్ చేసి రిపోర్టులన్నీ అక్కడి నుంచి తీసేయమన్నాను.

"నీ కంప్యూటర్లో పచ్చగా ఉండాదా ల్యాదా?"

"పచ్చగానే ఉంది గానీ..."

"మరి ఏందీ నీ బాధ? ఈడ జనం కూచోనుండారు. ఆదివారం తీస్తాలే."

ఆదివారం రాకముందే ఆమే ఫోన్ చేసింది. హెచ్‌ఐవి ఉన్న సంగతి అత్తింట్లో దాచి మందులు వాడుతున్న ఒకావిడ ల్యాబ్‌కొచ్చి కూర్చుందట. ఆమె రిపోర్టు లింకు మరిది ఫోన్లోకి వచ్చిందట. బిడ్డను లాక్కుని ఆమెను బయటికి గెంటేశారట. 'నీకు తప్ప ఎవురికీ చెప్పలేదు గదక్కా' అని అదే మాట అంటోందట.

"ఏం చెప్పల్లప్పా ఈమెకు?" అంది అక్క.

"మిగిలినోళ్లవి గూడా తెరిచే ఉండాయక్కా," అన్నాను. "ఎవురెవురు చూసినారో తెలీదు."

ఫోన్లో అక్క వెనక, రిపోర్టుల కోసం బల్ల మీద కూర్చున్న ఆడవాళ్ల కబుర్లు వినిపిస్తున్నాయి.