తప్పు నా కాలిదన్నారు

నాకు డ్రైవింగ్ వచ్చింది నలభై దాటాక. మా ఆయనది ఊళ్ళు తిరిగే ఉద్యోగం. అశోక్ నగర్‌లో మా అపార్ట్‌మెంట్ కింద మా పాత పెట్రోలు కారు నెలలో సగం రోజులు దుమ్ము కొట్టుకుని ఉండేది. నేను బర్కత్‌పురలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తాను. బస్సుల్లో నిలబడి మోకాళ్ళు పట్టేస్తుంటే 2010లో చిక్కడపల్లిలో ఒక డ్రైవింగ్ స్కూల్లో చేరాను. మా ఆయన వద్దనలేదు. "నేర్చుకో, టైంపాస్ అయితది" అన్నారు. ఆ మాట గుచ్చుకుంది. అయినా నేర్చుకుని, ఏడాది పాటు ఆఫీసుకు ఆ కారులోనే వెళ్ళి వచ్చాను. బండి మీద గీత కూడా పడలేదు.

మరుసటి ఎండాకాలం ఇంజన్‌లో టైమింగ్ బెల్టు మార్చాల్సి వచ్చింది. లోపలి చక్రాలన్నీ ఒకదానితో ఒకటి కలిసి తిరిగేలా చూసేది ఆ బెల్టే. మాది పాతబడి పగుళ్ళు పట్టింది. నారాయణగూడ సందులో మా ఆయన చిన్ననాటి స్నేహితుడికి మెకానిక్ షెడ్డు ఉంది. నన్ను వదినా అంటాడు. పండక్కి మా ఇంట్లో తిని వెళ్ళే మనిషి. అతనే బెల్టు మార్చి, సాయంత్రానికి బండి తెచ్చి ఇచ్చాడు.

మర్నాడే తేడా తెలిసింది. పొద్దున స్టార్ట్ కావడానికి మొరాయించింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ చేతుల్లో వణికింది. నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే, ఎంత తొక్కినా పికప్ లేదు. సెకండ్ గేరులో పాకుతూ పోతుంటే వెనక సిటీ బస్సువాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. మా ఆయన కంచంలోంచి తల ఎత్తకుండానే తేల్చేశారు. "నువ్వు క్లచ్ మీదికెళ్ళి కాలు తీస్తలేవు. అందుకే గట్ల వణుకుతుంది."

"నిన్నటిదాకా వణకలేదు కదండీ."

"ఇప్పుడు వణుకుతుంది కదా."

వారం తర్వాత స్నేహితుణ్ణి పిలిపించారు. అతను బానెట్ ఎత్తి కాసేపు ఇంజన్ చప్పుడు విన్నాడు. ప్లగ్గులు మార్చాడు. పోతూ పోతూ నాతో, "జర క్లచ్ తక్కువ తొక్కుండ్రి వదినా" అన్నాడు. బండి తీరు మారలేదు. మళ్ళీ వచ్చి కార్బురేటర్ విప్పి కడిగాడు, ప్లగ్గులకు పోయే వైర్లు కొత్తవి వేశాడు. ఒక రోజు బాగున్నట్టు అనిపించేది, మళ్ళీ అదే వణుకు. చివరికి ఇద్దరూ కలిసి నేను కాల్చేశానని క్లచ్ ప్లేటే మార్చేశారు. విప్పిన పాత ప్లేటు నాకు చూపించమంటే, షెడ్డులో పడేశామన్నారు.

ఒక ఆదివారం కాచిగూడలో పెళ్ళికి వెళ్తున్నాం. ఆయనే నడుపుతున్నారు. ఫ్లైఓవర్ మీద బండి అలాగే చతికిలబడింది. ఆయనే అన్నారు, "పెట్రోల్ల కల్తీ ఉన్నట్టుంది."

నేను నడిపితే క్లచ్. ఆయన నడిపితే పెట్రోలు.

అంత స్పష్టంగా కనిపించినా నన్ను నేను నమ్మలేకపోయాను. నాకు ఇప్పటికీ రోత పుట్టించే సంగతి అదే. తెల్లవారక ముందే లేచి, ఇందిరా పార్కు పక్క రోడ్డు మీద చెప్పులు విడిచి ఒట్టి కాళ్ళతో నడిపేదాన్ని. గేరు వేయగానే కాలు తీసి పక్కన పెట్టి, తీశానా లేదా అని వంగి చూసుకునేదాన్ని. అద్దంలో మొహం చూసుకున్నట్టు నా ఎడమ కాలిని చూసుకునేదాన్ని.

వానాకాలంలో చిక్కడపల్లి చౌరస్తాలో బండి ఆగిపోయింది. గ్రీన్ సిగ్నల్ పడింది. చీర తడిసి ముద్దవుతుంటే నేనూ, ఎవరో ఇద్దరు ఆటోవాళ్ళూ కలిసి పక్కకు నెట్టాం. "అక్కా, ఇంజన్‌ల ఏదో పరేషాన్ ఉంది, చూపించుకో" అన్నాడొకతను. నాలుగు నెలల్లో నా కాలి పేరు ఎత్తకుండా మాట్లాడిన మొదటి మనిషి అతను.

ఆఫీసుకు సెలవు పెట్టి, బండి కాస్త ఆరాక మెల్లగా నారాయణగూడ షెడ్డుకు తీసుకెళ్ళాను. మా ఆయన ఊళ్ళో లేరు.

"అన్నయ్యా, ఆ బెల్టు వేసినప్పటి నుంచే ఇలా ఉంది. దాని మీది కవర్ ఒకసారి తీసి చూడండి."

"అన్న రానీ వదినా, అడిగి తీస్త."

"రోజూ నడిపేది నేను. తీయండి."

అతను మొహం చిట్లించుకుని పానా అందుకున్నాడు. నేను స్టూలు కూడా అడక్కుండా పక్కనే నిలబడ్డాను. కవర్ ఊడింది. పై చక్రం మీద ఒక గుర్తు, కింది చక్రం మీద ఒక గుర్తు ఉంటాయి. కింది గుర్తు దాని చోటికి వచ్చినప్పుడు పైది కూడా దాని చోట ఉండాలి. కిందిది సరిగ్గా నిలిచింది. పైది, చక్రం అంచున ఉండే పళ్ళలో ఒక పన్నంత పక్కకు ఉంది. అది చూడటానికి చదువు అక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

"బెల్టు ఒక పన్ను తప్పి కూచుంది" అన్నాడు నా వైపు చూడకుండా.

"మీకు తెలియలేదా?"

చేతులు తుడుచుకుని గుడ్డ పక్కన పడేశాడు. "మొదటిసారి వచ్చినప్పుడే డౌటు కొట్టింది వదినా. తీసి చూద్దామనే అనుకున్న. గప్పుడే అన్న అన్నడు, ఆమె నడుపుడే గట్ల ఉంటదిరా అని. అన్ననే అన్నంక నేనెందుకు కాదంట?"

తప్పు ఎవరైనా చేస్తారు. దానికి నాకు కోపం రాలేదు. నేను ఒట్టి కాళ్ళతో చీకట్లో తిరుగుతున్నన్నాళ్ళూ ఇతను ఊరుకున్నాడు. మా ఇంట్లో నా చేతి వంట తింటూ ఊరుకున్నాడు. బెల్టు సరిచేసే దాకా అక్కడే నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు బండి మెత్తగా, పూర్వంలా నడిచింది. ఆ సంతోషం కూడా నాకు దక్కలేదు.

మా ఆయన ఊరి నుంచి రాగానే చెప్పాను. శ్రద్ధగానే విన్నారు. "సరే, అయిపోయింది కదా. పాపం వాడు కావాలని చేసిండా?" అన్నారు. కాస్త ఆగి, "అయినా నీకు క్లచ్ తొక్కే అలవాటు ఉండె, ఇప్పుడు తగ్గింది" అన్నారు. స్నేహితుడు ఆ దసరాకు కూడా వచ్చాడు. వడ్డించాను.

2013లో ఆ కారు అమ్మకానికి పెట్టారు. నల్లకుంట నుంచి ఒకాయన చూడటానికి వచ్చాడు. నేను బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. కింద మా ఆయన గొంతు వినబడింది. "బిల్కుల్ బేఫికర్‌గ తీసుకోండి సార్. నడిపింది మా ఆవిడ. లేడీస్ చేతి బండి, ఒక్క గీత లేదు చూడుండ్రి." ఆయన తల ఎత్తి నన్ను చూసి చెయ్యి కూడా ఊపారు. నేను క్లిప్పులు పెట్టడం ఆపలేదు.

కొత్త కారు వచ్చింది. తాళం చెవి నాకివ్వబోతే వద్దన్నాను. మళ్ళీ బస్సులోనే వెళ్తున్నాను. ఇంటికి ఎవరైనా వస్తే, "ఈమెకు డ్రైవింగ్ మీద ఇంట్రస్ట్ పోయింది" అని చెబుతారు. వాళ్ళు నా వైపు చూస్తారు. అవునన్నట్టు తల ఊపి, లోపలికి వెళ్తాను.